కింది గీత

అంతా హజరత్తయ్య కళ్లెదుటే జరిగింది. ఆఖరి చుట్టులో, తుఫాను షెల్టరు మలుపు దగ్గర, ఆయన కొడుకు సుశీలు మోచెయ్యి మడిచి తిరుపాలు డొక్కలో గుద్దినాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండో గుద్దుకు తిరుపాలు ఇసకలో మోకాళ్ల మీద పడ్డాడు. పడినంతసేపు లేదు, లేచినాడు. నోట్లో ఇసక ఉమ్ముకుంటా, డొక్క ఒక చేత్తో పట్టుకోని, సుశీలును దాటిపోయి సున్నం గీత తొక్కినాడు.

పల్లెపాళెం అంతా ఈలలు. హజరత్తయ్యకు ఒళ్లు మండిపోయింది.

మండలం పోటీల్లో పదిహేను వందల మీటర్ల పరుగు అది. గెలిచినోడు జిల్లాకు పోతాడు. జిల్లాలో కూడా నిలబడితే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి పడుతుంది. కొడుకు ఒంటి మీద ఖాకీ చొక్కా చూడాలని హజరత్తయ్య ఎన్నాళ్లుగానో కలగంటా ఉన్నాడు. నెల్లూరు పోయి బూట్లు కొనిచ్చినాడు. పొద్దున్నే గుడ్లు దగ్గరుండి తినిపించినాడు. మలుపులో మోచెయ్యి వాడమని చెవిలో చెప్పింది కూడా ఆయనే. తిరుపాలు ఎవడంట? తన రొయ్యల గుంటల మీద మేత చల్లే కూలోడు. వట్టికాళ్లతో పరిగెత్తే వాడు.

ఆటల టీచరమ్మ కరుణాకుమారి విజిలేసి ఎర్రజెండా పైకెత్తింది.

"సుశీల్ కుమార్ డిస్‌క్వాలిఫై. పక్కవాణ్ణి కొట్టినాడు. ఫస్టు తిరుపాలు."

హజరత్తయ్య తాడు దాటి లోపలికి వచ్చేసినాడు.

"ఏందమ్మా డిస్‌క్వాలిఫై? నలుగురు కలిసి పరిగెత్తేటప్పుడు ఆ మాత్రం తగలదా? బస్సెక్కేటప్పుడు తగలదా?"

"బస్సులో అయినా మోచెయ్యి పెట్టి గుద్దితే కండక్టరు దించేస్తాడన్నా."

జనం నవ్వినారు. ఆ నవ్వే ఆయన్ను పాడు చేసింది. వెనక్కి తిరిగి అందరికీ వినబడేట్టు అరిచినాడు.

"నవ్వండి, నవ్వండి! డొక్కలో రెండు పోట్లు తిన్నోడు మళ్లీ లేచి ఎట్ట పరిగెత్తినాడో చెప్పండి. మనిషి పుట్టుక పుట్టినోడైతే ఆడే పడుండాల. వీడు మందు వేసుకున్నాడు. సూది వేయించుకున్నాడు!"

నవ్వు ఆగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవును గదా అన్నట్టు కొన్ని తలలు ఊగినాయి.

"అనుమానముంటే కాగితం రాసియ్యి," అన్నది టీచరమ్మ. "దానికి వేరే మనుషులుంటారు. మూత్రం తీసుకోని ఢిల్లీ పంపిస్తారు. వాళ్లు చెప్పిందాకా వీడే ఫస్టు."

"ఢిల్లీ ఎందుకు తల్లీ? రొయ్యలో మందుందో లేదో మనం ఈడే చూసుకోవట్లా? రొయ్యకు పనికొచ్చింది మనిషికి పనికిరాదా?"

గ్రౌండు వెనకే రోడ్డు, రోడ్డు పక్కనే రొయ్యల ల్యాబు, దాని వెనక హజరత్తయ్య గుంటలు. హజరత్తయ్య కనుసైగ చేసినాడు. గుంటల మీద కావలి కాసే మనుషులిద్దరు తిరుపాలును చెరో రెక్కా పట్టినారు. వాడు విదిలించుకుంటే హజరత్తయ్యే పోయి చెంప మీద ఒకటి పీకినాడు. చెవి కింద నించి నెత్తురు సన్నంగా దిగింది. కరుణాకుమారి అడ్డం వస్తే ఆమెను భుజంతో పక్కకు నెట్టేసినారు. చూసే వాళ్లలో ఒక్కడు కూడా కదల్లేదు. సగం మంది ఆయన గుంటల మీదే బతకతా ఉండారు.

ల్యాబులో మెర్లిన్ అనే పిల్ల ఒక్కతే ఉన్నది. తలుపు నెట్టుకోని వచ్చిన గుంపును చూసి కుర్చీలో నుంచి లేచింది.

"అయ్యో, ఇది రొయ్యలకు సార్! మనుషులకు చెయ్యకూడదు."

"మందనేది ఎవరి ఒంట్లో ఉన్నా మందే. చెయ్యి."

"నేను చెయ్యను సార్."

హజరత్తయ్య బల్ల మీది గాజు సీసా ఎత్తి నేలకేసి కొట్టినాడు. ఆ పిల్ల ఖాళీ సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

తిరుపాలుకు మూత్రం రాలేదు. పరిగెత్తి చెమటంతా కార్చినోడికి ఏడ నించి వస్తుంది? దవడలు నొక్కి పట్టుకోని నోట్లో నీళ్లు పోసినారు. వాడు ఉక్కిరిబిక్కిరై దగ్గి, మింగిందంతా కక్కేసినాడు. మళ్లీ పోసినారు. కడుపు మీద మోకాలు పెట్టి అదిమినారు. ఎట్టనో సీసా అడుగున కొంచెం పడింది.

"నేనేమీ వేసుకోలా సామీ," అన్నాడు తిరుపాలు. "అంకాలమ్మ తల్లి మీద ఒట్టు. సూది మొహమే చూళ్లా నేను."

మెర్లిన్ ఒక కాగితం పట్టీ తీసి దాంట్లో ముంచింది. "రెండు గీతలు వస్తే మందు లేనట్టు," అన్నది మెల్లిగా. "కింది గీత రాకపోతే ఉన్నట్టు."

పైగీత ఎర్రగా పొడిచింది. హజరత్తయ్య ఒంగి చూసినాడు. కింద తెల్లగానే ఉంది. ఇంకాసేపు చూసినాడు. తెల్లగానే ఉంది.

ఆయన పట్టీని లాక్కోని, తిరుపాలును జుట్టు పట్టి బయటికి ఈడ్చుకొచ్చినాడు. రోడ్డు నిండా జనం.

"చూడండ్రా! కింది గీత రాలా! కడుపు నిండా మందే! ఇప్పుడు నవ్వండి!"

గుమ్మం పక్కన ఏరేటరు రెక్క ఒకటి విరిగిపోయి గోడకు ఆనించి ఉంది. గుంటలో నీళ్లు చిలికే రెక్క, ఇనప కడ్డీతో సహా. హజరత్తయ్య చెయ్యి దాని మీదికి పోయింది. తిరుపాలు పాకి లేవబోతా ఉన్నాడు. ఆ కాలే గదా నా కొడుకును దాటింది అనుకున్నాడు, ఎత్తినాడు, బలం కొద్దీ వేసినాడు. మోకాలి కింద ఎముక పుటుక్కుమన్న శబ్దం రోడ్డు అవతల నిలబడిన వాళ్లకు కూడా వినపడింది. తిరుపాలు పెట్టిన కేకకు ల్యాబు కప్పు మీద కాకులు లేచిపోయినాయి.

రోడ్డు పక్కన ఐసు లారీ నీడలో పద్మనాభయ్య నిలబడి ఉన్నాడు. రొయ్యలు కొని కంపెనీకి తోలే ఏజెంటు. హజరత్తయ్య గుంటలో రొయ్యలు పట్టించి కొనడానికే ఆరోజు వచ్చినాడు. పెద్ద మనిషి, నిదానస్తుడు.

"అమ్మాయ్," అని మెర్లిన్‌ను పిలిచినాడు. "ఏం మందు చూపించింది పట్టీ?"

మెర్లిన్ ఏడుస్తా పేరు చెప్పింది.

పద్మనాభయ్య మొహం మారిపోయింది. "అదా! ఆ మందుందనే గదా పోయినసారి మా సరుకు ఓడ దిగకుండానే తిప్పి పంపినారు. అది పరిగెత్తడానికి వేసుకునే మందు కాదబ్బా. రొయ్యలు చావకుండా దొంగతనంగా మేతలో కలిపే మందు. వీడి ఒంట్లోకి ఎట్ట వచ్చింది?" కింద పడున్న వాడి వైపు తిరిగినాడు. "ఏరా అబ్బయ్యా, నువ్వు ఎవరి దగ్గర పని?"

హజరత్తయ్య ఒక అడుగు వెనక్కి వేసినాడు. కావలి గుడిసెలో మంచం కింద దాచిన నీలం డబ్బా కళ్ల ముందు కనబడింది. విటమిను పొడి అని చెప్పి దాన్ని తిరుపాలు చేతనే మేతలో కలిపిస్తా ఉండాడు. వాడు వట్టి చేత్తో కలుపుతాడు. ఆ చేత్తోనే అన్నం తింటాడు.

"పట్టీ తప్పు!" అన్నాడు గబగబా. "రొయ్యల పట్టీ మనిషికెట్ట పనికొస్తుంది? తప్పు చూపించింది."

కరుణాకుమారి తిరుపాలు తలను ఒళ్లో పెట్టుకోని కూర్చోనుంది. తలెత్తింది.

"అయితే వీడు మందు వేసుకోలేదు."

"లేదు."

"గెలిచింది వీడే."

హజరత్తయ్య చుట్టూ చూసినాడు. ఊరంతా చూస్తా ఉంది. ఐసు లారీ చూస్తా ఉంది.

"వాడే," అన్నాడు.

"నాయనా." సుశీలు గొంతు అది. నెల్లూరు బూట్లు ఇంకా కాళ్లకే ఉన్నాయి. విరిగి పక్కకు తిరిగిన ఆ కాలు మీద నించి చూపు తిప్పుకోలేకుండా ఉన్నాడు. "పట్టీ నిజమని గదా వాడి కాలిరగ్గొట్టినావు. ఇప్పుడు తప్పంటావా?"

"నువ్వు నోరు ముయ్యి."

"పట్టీ తప్పు కాదు పద్మనాభయ్య మామా. మా మేతలో ఆ మందు ఉంది. డబ్బాలు బండి మీద తెచ్చేది నేనే."

రెక్క మళ్లీ లేచింది. ఈసారి కొడుకు భుజం మీద పడింది. సుశీలు మోకాళ్ల మీద కూలినాడు. ఇంకొకటి వీపు మీద. వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడోది ఎత్తబోతే పద్మనాభయ్య డ్రైవరు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

సుశీలు పాక్కుంటా తిరుపాలు దగ్గరికి పోయినాడు. "రా, కావలి టౌన్లో ఆసుపత్రికి పోదాం."

తిరుపాలు ఉన్న బలమంతా కూడదీసుకోని వాడి మూతి మీద గుద్దినాడు. పెదవి చిట్లింది. సుశీలు కదల్లేదు. కాసేపటికి తిరుపాలు ఆ గుద్దిన చేత్తోనే వాడి మెడ పట్టుకున్నాడు, లేవడానికి ఇంకేమీ దొరక్క. టీచరమ్మ ఆటో పిలిచింది.

కాలిరిగినోడు ఇంక పరిగెత్తలేడు గనక, జిల్లాకు మూడో స్థానంలో వచ్చినోడి పేరు పంపినారు. వాడెవడో ఊరికి సరిగ్గా గుర్తు కూడా లేదు.

పద్మనాభయ్య గుంట వైపు చూడను కూడా చూడలేదు. చెయ్యి ఊపినాడు, డ్రైవరు మణికట్టు వదిలి పోయి సరుకెత్తకుండానే లారీ తిప్పినాడు. కరిగిన ఐసు నీళ్లు రోడ్డు పొడుగునా చారలు గీసుకుంటా పోయినాయి.

హజరత్తయ్య గుంట గట్టు మీదికి పరిగెత్తినాడు. రెక్క రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకున్నాడు. "రండిరా! ఎవడొస్తాడో రండి! నా గుంట మీద చెయ్యేసేవాడి తల పగలగొడతా!"

ఎవరూ రాలేదు. జనం అటు వైపు తిరక్కుండానే ఇళ్లకు పోతా ఉన్నారు. ఆయన వెనక ఏరేటర్లు గుంట నీళ్లను చిలకతానే ఉన్నాయి. రోడ్డంతా ఖాళీ అయ్యేదాకా రెక్క దించలేదు.