ఒంటి పట్టీ

ఇలా దగ్గరికి జరగండి, కాళ్ళు నా దుప్పట్లో దూర్చుకోండి. సిపాయి చొక్కా చేతిమీద బాణం మొనలాగా ఒక గుడ్డపట్టీ ఉంటుంది చూశారా, ఇది దాని కథ.

సిపాయి ఎక్కే మొదటి మెట్టు అది. లాన్స్ కార్పొరల్ అంటారు. దేశదేశాల సైన్యాల్లోనూ ఇలాంటి మెట్టు ఒకటి ఉంటుందట. ఒకచోట ఒక పట్టీ అయితే ఇంకోచోట రెండు, ఫిరంగుల వాళ్ళ దగ్గర పేరే వేరు. ఎక్కడైనా పని మాత్రం ఒకటే, నలుగురిని వెంటేసుకుని తిరగడం, పైవాళ్ళ చీవాట్లు ఆ నలుగురి బదులు తను తినడం.

ఒక దళంలో నిదానం అనే సిపాయి ఉండేవాడు. బూటు లేసు ముడి వేయాలన్నా ఆలోచించే మనిషి గనక ఆ పేరు పెట్టారు. అతని పెళ్ళాం ఆ దళం కుట్టుషెడ్డులోనే పనిచేసేది. అతని తల్లికి పక్షవాతం వచ్చి కుడివైపు మొత్తం పడిపోయింది. మంచాన పడ్డ మనిషిని ఉంచుకోలేమని అద్దెకిచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పంపేశారు. ఇక ఊళ్ళో అడగని గడప లేదు. అలాంటప్పుడు నిదానానికి పట్టీ వచ్చింది. పట్టీ ఉన్నవాడికి గేటు లోపల ఇంటివాళ్ళతో ఉండడానికి ఒక గది ఇస్తారు. ఆ గదిలో మంచం వేశాక ఇంకో మనిషి నిలబడడానికి చోటు మిగిలేది, అంతే. అయినా కోడలు ఆ తలుపుకి లోపలినుంచి గడియ వేసుకుని, దానికే ఆనుకుని కూర్చుని ఏడ్చింది.

పట్టీ కుట్టడానికి ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. మొదటి పట్టీ అప్పుడే ఖాయం కాదు, కెప్టెన్ నోటిమాట మీద వస్తుంది, నోటిమాట మీద పోతుంది. అందుకని దాన్ని కచ్చా కుట్టు వేసి వదిలేస్తారు. తప్పు చేస్తే పెరేడులో అందరిముందూ కెప్టెన్ రెండు వేళ్ళతో లాగితే ఊడి రావాలి. షెడ్డు పెద్దాయన మాస్టరు కోడలితో నవ్వుతూ చెప్పాడు: "ఒంటి పట్టీ అత్తగారి నవ్వులాంటిదమ్మా, నమ్ముకుని గట్టిగా కుట్టకు." లాన్స్ కార్పొరల్ అనే పేరు ఎక్కడిదో కూడా చెప్పాడు. లాన్స్ అంటే బల్లెం. ఎప్పుడో పరాయి దేశంలో గుర్రం చచ్చి, బల్లెం విరిగిన రౌతులు కాలిబంట్లలో కలిసి పోరాడేవారట. విరిగిన బల్లెం అని వాళ్ళని పిలిచేవారట, కాస్త గౌరవం ఇచ్చేవారట. ఆ మాటే అరిగి అరిగి ఈ పదవికి పేరైందని చెప్పుకుంటారు.

కోడలు అంతా విని తలూపింది. మాస్టరు భోజనానికి వెళ్ళగానే మిషను మీద జంటదారంతో పట్టీ చుట్టూ తిప్పి తిప్పి కుట్టేసింది. ఆవిడ కుట్టింది పట్టీని కాదర్రా, ఆ గది తలుపుని.

వానలు పట్టుకున్నాయి. నిదానాన్ని నలుగురితో వంతెన కాపలాకి వేశారు. మారుమనిషి వచ్చేదాకా కదలొద్దని ఆర్డరు. ఏరు పొంగింది, ఫోను తీగ తెగింది, నీళ్ళు కాపలా గుడిసె గుమ్మం దాకా వచ్చాయి. ఎప్పుడూ ఆలోచించే నిదానం ఆ పూట ఆలోచించలేదు. నలుగురినీ ఒడ్డుకి నడిపించేశాడు. వాళ్ళలో బండోడనేవాడు కదలనంటే మెడ పట్టుకుని తోశాడు. వాళ్ళు గట్టెక్కి వెనక్కి చూసేసరికి వంతెన లేదు, గుడిసె లేదు, అందులోని సామానూ లేదు.

కెప్టెన్ లెక్క వేరు. ఆర్డరు తప్పాడు, అంతే.

వాన వెలిసిన పొద్దున పెరేడు పెట్టారు. కెప్టెన్ రెండు వేళ్ళతో పట్టీ అంచు పట్టి లాగాడు. రాలేదు. గుప్పిటతో పట్టి గుంజాడు. నిదానం ముందుకి తూలాడు, భుజం కుట్టు పర్రున విచ్చింది, పట్టీ మాత్రం అలాగే ఉంది. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. కెప్టెన్ మొహం కందగడ్డ అయిపోయింది. కుట్టినవాళ్ళనే పిలిపించి విప్పించమన్నాడు.

కోడలు బ్లేడు పట్టుకుని మైదానం మధ్యకి వచ్చింది. తన కుట్టు తనకి తెలుసు, ఒక పట్టాన రాదు. తొందరలో బ్లేడు జారి వేలు తెగింది.

"మెల్లగా కానీవే," అన్నాడు నిదానం పెదవులు కదపకుండా. "నువ్వు పక్కనుంటే బాగానే ఉంది."

ఆవిడ కెప్టెన్ వైపు తిరిగింది. "అయ్యా, నలుగురు ప్రాణాలతో వచ్చారు కదా?"

"వంతెన రాలేదు కదమ్మా," అన్నాడాయన. కోపంగా కూడా కాదు, కుళాయిలో నీళ్ళు రాలేదన్నట్టు అన్నాడు.

పట్టీ ఊడింది. దాని కింద గుడ్డ ఎండకి వెలిసిపోలేదు గనక బాణం మొన ముదురురంగులో అలాగే కనబడుతోంది, చుట్టూ సూది కంతలు.

పొద్దుగూకేలోపు గది ఖాళీ చెయ్యాలన్నారు. కోడలు గిన్నెలు మూటకట్టింది. అత్తగారు పడిపోని చేత్తో కోడలి కొంగు పట్టుకుని, "నన్ను ఇక్కడే వదిలేసి పో తల్లీ," అంది.

"నోరుమూసుకో అత్తా," అంది కోడలు. "నువ్వు లేకపోతే నేనెవరితో పోట్లాడను?"

మంచం ఎలా కదలాలి? ఆవిడ ఒక్కర్తే. గుమ్మంలో నీడ పడితే తలెత్తి చూసింది. నిదానం, వెనక ఆ నలుగురూ. బండోడు "జరుగు వదినా," అని తలవైపు కోడు పట్టుకున్నాడు. మిగతా ముగ్గురూ తలో కోడూ పట్టారు, కానీ ఎవరూ ఎత్తలేదు. నలుగురూ నిదానం చొక్కా చేతిమీది ఆ సూది కంతల వైపే చూస్తున్నారు.

"ఎత్తండి," అన్నాడు నిదానం.

ఎత్తారు. గేటు దాకా అడుగు తప్పకుండా మోశారు. గేటు బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. కోడలు అత్తగారి మొహంమీద కొంగు కప్పింది. ఎటు తిరగాలో ఆవిడకి తెలియదు, మోస్తున్నవాళ్ళకీ తెలియదు. అయినా మంచం ఎవరూ దించలేదు.

ఇది గుర్తుపెట్టుకోండి నాయనా, మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు మనసాగక చివర్లో వాళ్ళకొక ఇల్లు ఇచ్చేస్తారేమో, ఇవ్వకండి. ఆ మంచాన్ని వానలోనే ఉంచి చెప్పండి.