మొదటి గ్లాసు

బస్సు డిపో గేటు పక్కన బండి పెట్టిన రోజు అతని దగ్గరున్నవి ఇవి: పదునైన చాకు ఒకటి, మూతలున్న బకెట్లు రెండు, అద్దె ఇంటి డాబా మీద ఇరవై ఆరు కుండీల కలబంద, ఎదుటివాడి అనుమానాన్ని మాటతో కాక చేతతో తీర్చాలన్న తెలివి. ఆ చివరిదే అసలు పెట్టుబడి.

అంతకు ముందు పదేళ్లు అదే డిపోలో కండక్టరుగా చేశాడు. డ్రైవర్ల బాధ అతనికి తెలుసు. రోజంతా సీట్లో కూర్చోవాలి. మధ్యలో దిగడం కుదరదని నీళ్లు తాగరు. దొరికినప్పుడు దొరికింది తింటారు. అలాంటి పొట్ట రాయి కాక ఏమవుతుంది? కలబంద మట్టను కోస్తే తొక్క కింది నుంచి పసుప్పచ్చని సొన కారుతుంది. గుజ్జుతోపాటు దాన్నీ కలిపి గిలక్కొట్టి ఇస్తే మర్నాటికల్లా పని జరిగేది. కాకపోతే చేదు. ముందువాడి మొహం చూసి వెనకవాడు వరసలోంచి మెల్లగా జారుకునేవాడు. అందుకని అతను ఒక నియమం పెట్టుకున్నాడు. రోజూ మొదటి గ్లాసు తానే తాగాలి, అందరి ఎదుటా, మొహం చిట్లించకుండా.

"అమ్మేవాడు తాగితేనే కొనేవాడికి ధైర్యం" అనేవాడు.

ఆరేళ్లు ఒక్క రోజు తప్పలేదు. డిపోలో అతని పేరు అందరూ మరిచిపోయారు. 'మొదటి గ్లాసు' అంటేనే గుర్తుపట్టేవారు.

ఏడో ఏడు జ్వరం వచ్చి వారం రోజులు బండి తీయలేదు. బండి లేదు కాబట్టి గ్లాసూ లేదు. మూడో రోజుకు జ్వరం పోయింది. పొట్ట మాత్రం తలుపు వేసుకుని లోపల గడియ పెట్టుకుంది. ఐదో రోజు లేదు, ఆరో రోజూ లేదు.

"ఊరికి శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట" అంది భార్య, నవ్వాలో జాలిపడాలో తేల్చుకోలేక. "లేవండి, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. రక్తం పరీక్ష చేయించి కాగితం చదివింది.

"పొటాషియం బాగా పడిపోయింది. ఆ సొన ఎన్నాళ్లుగా తాగుతున్నారు?"

"ఆరేళ్లండీ. రోజూ."

"రోజూ ఎందుకు?"

"వ్యాపారం కదండీ."

ఆమె కళ్లజోడు తీసింది. "అది జులాబు. రోజూ వెనక నుంచి తోసేవాడుంటే ముందువాడు నడవడం మానేస్తాడు. మీ పేగు అదే పని చేసింది. సొన ఆపేయండి. ఒక పొడి ఇస్తాను, కొద్దికొద్దిగా తగ్గిద్దాం. నీళ్లు, పీచున్న తిండి, నడక. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు."

దారంతా అతను లెక్క వేశాడు. రెండు వేల పైచిలుకు గ్లాసులు. ఊరి నమ్మకం కోసం సొంత పేగును తాకట్టు పెట్టాడు. లాభం గూబల్లోకి రావడమంటే ఇదే. ఇప్పుడు ఆ పేగును విడిపించుకోవాలి. అది జరగనిదే ఏ లాభమూ లాభం కాదనుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర జనం సిద్ధంగా ఉన్నారు.

"ఏవయ్యా, వారం నుంచి మా పొట్టలన్నీ నీకోసం కాపలా కాస్తున్నాయి" అన్నాడు రిటైరు కాబోతున్న పెద్ద డ్రైవరు. "కానివ్వు, తాగు."

అతను మట్టలు కోసి, కోసిన వైపు కిందకి పెట్టి బకెట్లో నిలబెట్టాడు. పసుపు సొన చుక్కలు చుక్కలుగా కారసాగింది.

"అదేంటి, సరుకంతా కారిపోతోంది?"

"కారనీ. బాగా కారాక తొక్క తీసి, కడిగి, గుజ్జు మాత్రం ఇస్తా."

"సొన లేకపోతే కదులుతుందా?"

"కదలదు. చల్లగా ఉంటుంది, అంతే. పొట్ట కడుగుతుందని చెప్పను."

"మరెందుకు తాగాలి?"

"దాహమేస్తే తాగు. లేకపోతే మానెయ్."

మూడో రూటు బస్సు నడిపే డ్రైవరమ్మ ముందుకొచ్చింది. "అన్నా, నువ్వు తాగావనే కదా ఇన్నాళ్లూ మేం తాగాం?"

"అందుకే చెప్తున్నానమ్మా. ఆరేళ్లు తాగినవాణ్ణి నేను. ఇవాళ్టికి ఎనిమిది రోజులు. నాకు కాలేదు."

ఒక్కసారిగా లేచిన నవ్వుకు షెడ్డులోని మెకానిక్కులు కూడా బయటికొచ్చారు. అతను కదల్లేదు.

"నవ్వుకోండి. ఆ గ్లాసు నేను తాగను, ఎవరికీ పొయ్యను. అమ్మా, నువ్వు బీపీ మాత్రలు మింగుతున్నావు. సొన మాట ఎవరెత్తినా ముందు డాక్టర్ని అడుగు."

పదిహేను మంది ఉన్నచోట ముగ్గురు మిగిలారు.

వారం తిరక్కుండా గేటుకు అటువైపు ఇంకో బండి వెలిసింది. 'మూడు రోజుల్లో పొట్ట క్లీన్' అని బ్యానరు. దాని వెనక నిలబడి, అందరి ఎదుటా మొదటి గ్లాసు ఎత్తి తాగుతున్నది అతని బావమరిదే.

"నువ్వు పారబోసేది నేను అమ్ముకుంటున్నా బావా. తప్పేముంది?"

"నేను పారబోసేది నా రోగంరా."

"నీ పేగు సోమరిదైతే లోకంలో పేగులన్నీ సోమరివా?"

అన్నం డబ్బా తెచ్చిన భార్య తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "ఆరేళ్లు పోనీరా. అప్పుడు వచ్చి నాకు చెప్పు నీ పేగు సంగతి."

అతను పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు తాగేవాడు. డిపో గోడ చుట్టూ మూడుసార్లు నడిచేవాడు. ఇంటికొచ్చి, రోజూ అదే సమయానికి లోపలికి వెళ్లి కూర్చునేవాడు. పొడి వేసుకున్నంత కాలం పర్వాలేదు. డాక్టరమ్మ దాన్ని సగం చేసి, పావు చేసి, ఒకరోజు ఆపేసింది. ఆ మర్నాడు లేదు. రెండో రోజూ లేదు.

"ఏవండీ?" అనేది భార్య తలుపు బయట నుంచి.

"లేదు."

మూడో రోజు మధ్యాహ్నం బావమరిది ఇంటికే వచ్చాడు, మూత పెట్టిన గ్లాసుతో. "పంతం దేనికి బావా? ఎవరూ చూడరు. ఒక్క గ్లాసు తాగు, రేపు పొద్దున్నకి మహారాజువి."

అతని పొట్ట డోలులా బిగిసి ఉంది. గ్లాసు అందుకున్నాడు. చేదు వాసనకే కడుపులో ఏదో కదిలింది, పాత యజమాని గొంతు విన్న నౌకరులాగా. అతను లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడిగే తొట్టిలో గ్లాసు బోర్లించాడు.

"ఈ గొట్టం కూడా చాన్నాళ్లుగా పట్టేసిందిరా. ముందు దానికి కానీ."

నాలుగో రోజు నడిచొచ్చి కూర్చున్నాడు. ఆ రోజు లెక్కలేవీ వేయలేదు. బయటికి వచ్చేసరికి భార్య ప్రశ్న అడగబోయి, అతని మొహం చూసి మానేసింది.

నెలాఖరుకు అతను తేల్చుకున్న లెక్క ఇది. పోయినవి: పన్నెండు మంది ఖాతాదార్లు, ఆరేళ్ల పేరు, బావమరిదితో మాటలు. మిగిలినవి: ముగ్గురు, అందులో ఇద్దరు దాహమైతేనే వస్తారు. మూడో మనిషి డ్రైవరమ్మ. డాక్టరు వద్దందని సొన మానేసి, ఇప్పుడు డ్యూటీ ఎక్కేముందు గోడ చుట్టూ అతనితో పాటు నడుస్తోంది. వచ్చింది ఒక్కటే. పొద్దున ఆరూ ఇరవైకి, ఎవడూ తోయకుండా.