బియ్యం గది

ఆ పురుగు వేలిగోరంత కూడా ఉండదు. ముందుకు పొడుచుకొచ్చిన చిన్న మూతి, బూడిద రంగు రెక్కలు. వాటిని వెనక్కి ముడుచుకుని గోడ మీద వాలితే పెచ్చు లేచిన సున్నంలా కనిపించేది. దుర్గాంబ రోజూ అందరూ లేవకముందే పాత గుడ్డతో ఆ పురుగుల్ని నలిపేసి, బియ్యం గదికి తాళం వేసేది.

తణుకు దగ్గర సొంత పొలంలో పండిన బియ్యం అవి. ఏడాది మాగితే తప్ప ఆవిడ వండదు. అమీర్‌పేటలో ఫ్లాట్ కొన్నప్పుడు ఆ చిన్నగదిని అడిగి మరీ తీసుకుంది. ఇప్పుడు కొడుకు వివేక్ అక్కడ కంప్యూటర్ పెడతానంటున్నాడు. కోడలు రాగసుధ మైత్రీవనంలో జావా కోర్సులో చేరింది. అక్కడి రద్దీలో సిస్టమ్ దొరకదట, ఇంట్లోనే సాధన చెయ్యాలట.

"బియ్యం ఎక్కడ పెట్టను, నా నెత్తినా?" అని దుర్గాంబ ఆ మాట తుంచేసింది. పురుగు సంగతి బయటపడితే గది తన చేతిలో ఉండదని ఆవిడకి తెలుసు.

పై ఫ్లాట్ బుచ్చమ్మ చేట అడగడానికి వచ్చినప్పుడు బియ్యం గది తలుపు తీసే ఉంది. బుచ్చమ్మది సంగారెడ్డి వైపు. చనువుగా వచ్చి బస్తాలో చెయ్యి పెట్టింది. గింజలు సన్నటి దారాలతో అల్లుకుని ఉండలు ఉండలుగా లేచాయి. ఒకటి చిదిపితే లోపల ఇంకా రెక్కలు రాని తెల్లటి పురుగు, దాని చుట్టూ పిండి.

"గిదా! మా జొన్నలల్ల సుత గిదే వదినా. రవ్వల, పల్లీలల్ల సుత. దీనికి మీ కోస్తా లేదు, మా తెలంగాణ లేదు. బస్తా ఏడికి వోతే ఆడికి వస్తది."

"బోరిక్ పౌడరు కలిపానండీ. అయినా చావలేదు."

"ఎట్ల చస్తది? గూడు అల్లుకొని లోపల కూసొని తింటుంటే! జర కిటికన్న తెరుస్తవా లేదా?"

దుర్గాంబ ఎవరి కంటా పడకూడదని వేసవి మొదలైనప్పటి నుంచీ కిటికీ తీయలేదు. ఊళ్లో అయితే బియ్యం గాలాడే కొట్టులో ఉండేవి. ఇక్కడ పడమటి ఎండకి కాగే గోడల మధ్య ఆ పురుగుని వెచ్చగా పొదిగింది తనే.

"ఫికర్ చెయ్యకు. మా తమ్మునికి కోళ్లున్నయి. గీ బియ్యం కడిగి ఏస్తే పండుగ జేస్కుంటయి," అని నవ్వింది బుచ్చమ్మ.

మర్నాడు ఇడ్లీలు వడ్డిస్తూ దుర్గాంబ అంది: "బియ్యానికి పురుగు పట్టింది. గది మీరే తీసుకోండి."

వివేక్ భార్య వైపు చూశాడు.

"పాత బియ్యం లేకపోతే మీకు ముద్ద దిగదు కదా అత్తయ్యా?" అంది రాగసుధ.

"కాస్త కాస్త తెప్పించుకుంటాను. వంటింట్లో నా కళ్లెదురుగానే ఉంటాయి. ముందు ఆ గదికి సున్నం వేయించండి, పగుళ్లలో గుడ్లుంటాయి. కిటికీ మాత్రం మూయకండి."

"దుమ్ము వస్తుందమ్మా. కంప్యూటర్ పాడవుతుంది."

"నేను తుడుస్తాలే," అంది దుర్గాంబ.