నొప్పి నాది, వైద్యం ఆయనది

మా వంటింటి సింకు ఎవరి కొలతలు తీసుకుని కట్టారో గానీ, ఆ మనిషి ఇంకా పుట్టలేదు. నేను గిన్నెలు తోమాలంటే నడుం వంచాలి. మా ఆయన తోమాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఆయన ఎప్పుడూ తోమలేదు కాబట్టి ఈ రెండో సంగతి రుజువు కాలేదు.

అందుకే నడుం కింద నొప్పి మొదలైనప్పుడు నేను సింకునే తిట్టుకున్నాను. పైగా నేను చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. రోజంతా నిలబడి, వచ్చినవాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు పెట్టి "మీకు భలే నప్పిందండీ" అనడం నా ఉద్యోగం.

డాక్టరమ్మ మాత్రం సింకు తప్పేం లేదని తేల్చేసింది. నాకు తొమ్మిదో వారం.

"కడుపింకా కనబడనే లేదు కదండీ, బరువు లేకుండానే నొప్పేంటి?" అన్నాను.

"బరువు తర్వాత సంగతమ్మా. ముందు ఒంట్లో హార్మోన్లు మారతాయి. కీళ్ళను బిగించి ఉంచే కట్లు కాస్త వదులవుతాయి. ఆ పని కూడా వీపు కండరాల మీదే పడుతుంది. అవీ అలిసిపోతాయిగా?"

పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోమంది. గోరువెచ్చగా కాపడం పెట్టుకోమంది. ఒకేచోట నిలబడిపోకుండా అటూఇటూ నడవమంది. బరువులెత్తొద్దు, నన్నడగకుండా నొప్పి మాత్రలు మింగొద్దు అంది. "రక్తం కనబడినా, జ్వరం వచ్చినా, మూత్రంలో మంట ఉన్నా, పొత్తికడుపులో మెలిపెట్టినా ఆలోచించకుండా వచ్చెయ్" అని కూడా చెప్పింది.

చిక్కల్లా ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడం. పోయినసారి పరీక్ష చేయించుకున్న రోజే అత్తగారికి చెప్పాం. సాయంత్రానికల్లా మా ఆయన చిన్నప్పటి ట్యూషన్ మాస్టారికి కూడా తెలిసింది. తర్వాత అది నిలవలేదు. ఫోన్ చేసి "ఎన్నో నెలమ్మా?" అని అడిగినవాళ్ళందరికీ, ఒక్కొక్కరికీ, నిలవలేదని చెప్పుకున్నాను. ఈసారి మూడు నెలలు దాటేదాకా నోరు మెదపొద్దని ఇద్దరం అనుకున్నాం.

పొడుగాటి దిండు, వేడినీళ్ళ బ్యాగు కొనుక్కుని ఇద్దరం ఇంటికొస్తే, గుమ్మంలోనే అత్తగారు.

"ఎవరికిరా ఇవన్నీ?"

"నాకేనమ్మా. నడుం పట్టేసింది" అన్నారు మా ఆయన, నన్ను కాపాడేస్తున్న మొహం పెట్టి.

"అయ్యో నాన్నా! ఆ కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని నడుం విరగ్గొట్టుకున్నావురా!"

అంతే. దిండు ఆయన కాళ్ళ మధ్యకు, బ్యాగు ఆయన వీపు కిందకు వెళ్ళిపోయాయి. రెండు పూటలా నూనెతో మర్దన. ఆయన మోసే కూరల సంచులు నా వాటాకొచ్చాయి. గది తలుపేశాకే దిండు నా చేతికొచ్చేది, అదీ ఆయన వెచ్చదనంతో.

"నీ కోసమే కదే ఈ తిప్పలన్నీ" అనేవారు.

నాలుగు రోజులయ్యాక, "ఏమోనే, నిజంగానే కాస్త లాగుతోంది" అన్నారు.

"ఎక్కడ?"

"నీకెక్కడో అక్కడే."

ఆదివారం మంచినీళ్ళ క్యాను వచ్చింది. "అమ్మాయ్, కాస్త ఎత్తి స్టాండు మీద పెట్టు. వాణ్ణి లేపకు" అంది అత్తగారు. నేను వంగానో లేదో, మా ఆయన సోఫాలోంచి ఒక్క దూకు దూకి, క్యాను లాక్కుని, స్టాండు మీద పెట్టేశారు. అబ్బా అని కూడా అనలేదు.

అత్తగారు ఆయన్ని చూసింది. నన్ను చూసింది.

"తగ్గిందట్రా?"

"నీ చేతి మహిమమ్మా" అన్నారు.

"తగ్గినవాడికి దిండెందుకు? ఇలా తే."

బ్యాగు కూడా పట్టుకెళ్ళింది. తన చెల్లెలికి మోకాళ్ళ నొప్పులని ఆవిడ ఎప్పుడూ అంటుంటుంది, ఇంక నా దిండు తిరిగి రాదనుకున్నాను. మధ్యాహ్నం గదిలోకెళితే రెండూ నేను పడుకునే వైపు పెట్టి ఉన్నాయి. పొయ్యి దగ్గర ఒక చిన్న పీట కూడా వెలిసింది.

"నిలబడినప్పుడు ఒక కాలు దీని మీద పెట్టుకో. కాసేపయ్యాక కాలు మార్చు. లాగదు" అంది, నా వైపు చూడకుండా.

"నాకెందుకత్తయ్యా?"

"నాకు బాగా పనికొచ్చేది, వీడు..." అని ఆగిపోయి, ఆరేసిన బట్టలు తియ్యాలని వెళ్ళిపోయింది. బట్టలు నేను పొద్దున్నే తీసేశాను.

నొప్పి పూర్తిగా పోలేదు గానీ బాగానే తగ్గింది. ఇప్పుడు బాధ వేరే. ఆవిడకు తెలిసిపోయిందా? అడుగుదామంటే, అడగ్గానే తెలిసిపోతుంది. ఊరుకుందామంటే మనసొప్పడం లేదు. పోయినసారి ఆ ఫోన్లన్నీ నాకే వచ్చాయనుకున్నాను. ఆవిడకూ వచ్చే ఉంటాయి కదా. ఆవిడా ఒక్కొక్కరికీ చెప్పుకునుంటుంది కదా.

మా ఆయన్ని సలహా అడిగితే, బోర్లా పడుకుని, "నడుం లాగుతోందే, రేపు మాట్లాడదాం" అంటున్నారు.

బాబ్బాబు, మీలో అత్తగార్లున్నవాళ్ళు, అత్తగార్లయినవాళ్ళు ఎవరైనా చెప్పండి. ఇప్పుడే చెప్పెయ్యమంటారా, మూడు నెలలు నిండేదాకా అత్తాకోడళ్ళం ఇద్దరం ఇలాగే ఏమీ తెలియనట్టు తిరగమంటారా? పనిలో పనిగా, లేని నొప్పికి ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళాలో కూడా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.