గురమ్మ కట్టిన చిల్లికుండ

మొదటి పడవ ఇసుకకు తగిలేసరికి గురమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. మిగతా ఆడవాళ్లు చేపల కోసం తట్టలు ముందుకు చాపితే, ఆమె ముందుగా కుండ కోసం చేతులు చాపింది. పడవలోంచి మొగుడు పోతురాజు కుండను జాగ్రత్తగా అందించాడు. దాని మూతికి అరిటాకు వేసి నారతో కట్టి ఉంది.

"ఇదుగో, మీ నౌపడ బాబుగారికి నీళ్లు. అలలు దాటినాక, నీలంగా ఉన్న కాడే ముంచినాను," అన్నాడు. "ఊళ్లో మొగోళ్లందరూ సేపలు మోస్తే నానేమో సంద్రాన్ని మోస్తన్నాను."

"ఒక్క కుండ మోసినందుకే ఇంత మాటంటన్నావు. నాను ముప్పై ఏళ్లుగా నిన్ను మోస్తన్నాను. ఎవులికైనా సెప్పినానా?" అంది గురమ్మ.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. గురమ్మ నవ్వలేదు. తట్ట నిండగానే తల మీద చుట్టకుదురు సర్దుకుని, తట్ట నెత్తికెత్తుకుని, కుండ చంకన పెట్టుకుని నడక మొదలుపెట్టింది.

ఆమెది పొట్టి శరీరం, బిగువైన పిక్కలు. నడినెత్తిన చుట్టకుదురు ఆనే చోట జుట్టు రాలిపోయి నున్నగా తేలింది. ఉప్పు మడుల గట్ల మీద నడిచి నడిచి మడమలు బీటలు వారాయి. భావనపాడు ఒడ్డు నుంచి నౌపడకు రెండు కోసుల పైనే దారి. మొగలి పొదలు దాటితే ఇసుక, ఇసుక దాటితే ఏరు, ఏరు దాటితే ఇటూ అటూ ఉప్పు మడులు. వేసవి కావడంతో మడుల్లో నీళ్లు ఎండి ఉప్పు పేరుకుంటోంది. కూలీలు పొడుగాటి కర్రపారలతో దాన్ని గట్టు మీదికి లాగుతున్నారు. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పల మీద ఎండ పడి కళ్లు చెదిరేలా ఉంది. గురమ్మ తల దించుకుని నడిచింది. ఆమె మనసులో ఒకటే ఉంది. ఇవాళైనా పూవు విచ్చుకుందా?

నౌపడలో ఆమెను అందరూ చేపల మనిషి అంటారు. కేకను బట్టి గుర్తుపడతారు, గిన్నె తెచ్చి అరుగు కింద పెడతారు, బేరమాడతారు, లోపలికి పోతారు. పేరు పెట్టి పిలిచే ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో చేపలు తినరు.

అది జగన్నాధం గారి ఇల్లు. ఆయన ఉప్పు కార్యాలయంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి, పందొమ్మిది వందల అరవై ఒకటిలో పదవీ విరమణ చేశారు. అదే ఏడు భార్య పోయింది. పిల్లలు లేరు. శృంగవరపుకోటలో ఒక మేనల్లుడు ఉన్నాడు. ఏదో పత్రికలో చదివి, సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చునని ఆయన మూడడుగుల గాజు తొట్టి చేయించారు. ఇనప చట్రానికి తారు పూయించి, అడుగున ఇసుక పోసి, ఉప్పునీళ్లు నింపి కూర్చున్నారు. అందులో ప్రాణమున్నది ఏదీ నిలవలేదు.

ఆ రోజుల్లోనే పోతురాజు చీకట్లో తప్పి, సముద్రం అడుగున రాళ్ల దిబ్బ ఉన్న చోట వల వేశాడు. వల రెండు బారల మేర చిరిగింది. గుమ్మడికాయంత నల్లరాయి పైకి వచ్చింది. అతను తిట్టి ఒడ్డున పారేశాడు. దాని మీద ఎర్రటి మెత్తని ముద్ద ఒకటి మెల్లగా ముడుచుకోవడం గురమ్మ చూసింది. రాయిని నీళ్ల కుండలో వేసుకుని నౌపడ వరకూ మోసింది. తొట్టిలో దించిన గంటకు ఆ ముద్ద విచ్చుకుంది. వందల రేకులు, వాటి కొసల్లో ఊదారంగు, గాలి లేకుండానే ఊగుతూ. అది పూవు కాదు, ప్రాణమున్న జంతువేనని జగన్నాధం గారు చెప్పారు. అయినా ఆమె పూవనే అంది. తర్వాత ఆయన కూడా పూవనే అన్నారు. ఆ రాయి వచ్చాక తొట్టిలో రెండు చారల చేపలు, ఒక పీత కూడా నిలదొక్కుకున్నాయి.

ఆ రోజు ఆయన ఒక ముక్కాలిపీట లాగి, "కూర్చో గురమ్మా. కూర్చుని చూడు," అన్నారు. ఆ ఊళ్లో ఆమెను ఎవరైనా కూర్చోమనడం అదే మొదలు. ఆమె సముద్రం పక్కన పుట్టింది, సముద్రం మీద బతుకుతోంది. కానీ ఆమెకు తెలిసిన చేపలన్నీ కళ్లు తేలేసినవే. చేప నిద్రపోవడం, చేప చేపను తరమడం, పీత చిన్నదైపోయిన గవ్వ వదిలి పెద్ద గవ్వలోకి కాపురం మార్చడం ఆమె నలభై దాటాక ఆ పీట మీద కూర్చుని చూసింది. అప్పటినుంచి వారానికి రెండు కుండల కొత్త నీళ్లు ఆమెవే.

నాలుగు రోజుల కిందట గాలిమోటారు ఆగిపోయింది. అది కలకత్తా నుంచి తెప్పించిన చిన్న కరెంటు మోటారు. రాత్రీ పగలూ గుర్రుమంటూ గొట్టంలోంచి నీళ్లలోకి బుడగలు వదిలేది. లోపలి రబ్బరు చిరిగింది. సైకిలు షాపు ఎల్లాజీ దాన్ని విప్పదీసి పట్టుకుపోయాడు. మధ్యాహ్నానికల్లా చారల చేపలు రెండూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. జగన్నాధం గారు విసనకర్రతో నీళ్లను కొడుతూ కూర్చున్నారు. చూసి చూసి గురమ్మ ఒక కుండకు అడుగున మేకుతో చిల్లి పొడిచింది. చిల్లిలో గుడ్డపీలిక దోపి, ఉట్టిలో పెట్టి తొట్టి మీద వేలాడదీసింది. తొట్టిలో నీళ్లు ముంచి కుండలో పోస్తే, చుక్కచుక్కగా ఎత్తు నుంచి పడి నీళ్లలో గాలి కలుస్తుంది. చేపలు గంటలో కిందికి దిగాయి. పూవు మాత్రం అప్పటికే ముడుచుకుంది. మళ్లీ విచ్చుకోలేదు. అప్పటినుంచి గురమ్మ రోజూ ఒక కుండ కొత్త నీళ్లు తెస్తోంది.

ఇవాళ ఆమె సగం చేపలు అమ్మి ఆ వీధికి వచ్చేసరికి పక్కింటి లక్ష్మణమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఏమే, ఆ కుండ ఇంకా దింపలేదటే? ఇంట్లో ఎవరైనా చిల్లికుండ కడతారా? శవం చుట్టూ తిప్పే కుండ అది."

"శివుడి నెత్తి మీద కట్టింది కూడా సిల్లికుండే కదమ్మా. అక్కడ దండం ఎడతావు, ఇక్కడ బయపడతావు. ఏటి సెప్పాలి నీకు?"

"నోరు చూడు దీనికి!" అంది లక్ష్మణమ్మ, నవ్వు ఆపుకుంటూ.

గురమ్మ చేపల తట్టను వేపచెట్టు కింద దించి తడి గోనె కప్పింది. తట్ట లోపలికి తేకూడదని ఆయన నియమం. తొట్టిలోవాటికి చూపించవద్దంటారు. చూస్తే ఏటౌద్ది బాబూ అని ఆమె ఒకసారి అడిగితే, "ఏమో, నిన్ను చూసి భయపడతాయేమో. నన్ను మంచివాణ్ణనుకుంటున్నాయి," అన్నారు.

ఆయన పడకకుర్చీలో ఉన్నారు. పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. రాత్రంతా గంటగంటకూ లేచి కుండ నింపుతున్నారని మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు చెబుతున్నాయి. ఊపిరి పైపైన ఆడుతోంది. కాంపౌండరు ఇచ్చిన మాత్రల పొట్లం కిటికీలో విప్పకుండానే ఉంది.

"వచ్చావా గురమ్మా. విచ్చుకోలేదే," అన్నారు.

"తవరు పడుకోనేదు, అది ఇచ్చుకోనేదు. ఇద్దరికీ మొండే."

ఆమె తొట్టి దగ్గర వంగి చూసింది. రాయి మీద పూవు గుప్పెటలా బిగుసుకుని ఉంది. చేపలు మూలన చేరి రెక్కలు మాత్రం ఆడిస్తున్నాయి. తల ఎత్తి కుండను చూసింది. చెమర్చిన కుండ బయట తెల్లగా పొడి కట్టింది. ఉప్పు మడి గట్టున పొద్దున్న చూసిన తెలుపే అది. గురమ్మ తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మొహం చిట్లించింది.

"బాబూ, నీళ్లు తగ్గితే తొట్టిలో ఏటి పోస్తన్నారు?"

"నువ్వు తెచ్చినవే. రోజూ తెస్తున్నావు కదా, మంచిదని పోస్తున్నాను."

"నుయ్యి నీళ్లు కాదా?"

జగన్నాధం గారు కుర్చీలో ముందుకు వంగారు. గాజు మీద ఆయన స్వయంగా గీసిన ఎర్ర రంగు గీత వైపు చూశారు. ఎండకు ఆరేది మంచినీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది, అందుచేత తగ్గినంత మేరకు నూతి నీళ్లే పోసి ఈ గీతకు తేవాలి అని మొదటి నెలలో ఆమెకు నేర్పింది ఆయనే. ఈ నాలుగు రోజులూ ఎండకు తొట్టీ కుండా కలిసి నీళ్లు ఆరిపోతుంటే, ఆయన కంగారులో సముద్రం మీద సముద్రం పోశారు. మడుల్లో కూలీలు చేసేది అదే.

"ఇది సంద్రం కాదు బాబూ. ఇది ఉప్పు మడి," అంది గురమ్మ.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. "ముప్పై ఏళ్లు ఉప్పు కుప్పల మధ్య కూర్చున్నవాణ్ణి. నా ఇంట్లో నేనే పండించాను చూశావా?" అని కళ్లు తుడుచుకున్నారు. తర్వాత గొంతు మార్చి, "ఆలస్యమైపోయిందంటావా?" అన్నారు.

"సావనేదు. సచ్చిందయితే కంపు కొడతాది. నాకు తెల్దా?"

ఆమె కొంగు నడుముకు దోపింది. తొట్టిలోంచి నాలుగు చెంబుల నీళ్లు తీసి పారబోసింది. నూతి నీళ్లు తెచ్చి కుండలో పోసింది. ఒక్కసారిగా పోయవద్దు, అదిరిపోతాయి అని ఆయన కుర్చీలోంచే చెబుతుంటే, "కుండ మీద కట్టుకున్నాం కదా బాబూ, అదే నిదానంగా పోస్తాది," అంది. పీలిక చివర నుంచి మంచినీళ్లు చుక్కచుక్కగా దిగాయి.

బయట తట్టలో సగం చేపలు ఉన్నాయి. రైల్వే క్వార్టర్లకు ఇంకా పోలేదు. ఎండకు మెత్తబడిపోతాయని, ఇంటికెళ్తే పోతురాజు ముఖం ముడుచుకుంటాడని ఆమెకు తెలుసు. వెళ్లలేదు. పీట మీద కూర్చుంది.

"గురమ్మా," అన్నారు ఆయన కళ్లు మూతలు పడుతుండగా. "అది విచ్చుకుంటే నన్ను లేపు."

"లేపుతాను. పడుకోండి."

కుండ ఒకసారి ఖాళీ అయింది. నింపింది. రెండోసారి అయింది. వీధిలో మధ్యాహ్నం పాసింజరు దిగిన మనుషులు మాట్లాడుకుంటూ పోయారు. నాలుక మీద మళ్లీ వేలు పెట్టుకుని చూసింది. మొగుడు అలల అవతల నుంచి తెచ్చిన నీళ్ల రుచికి దగ్గరగా వచ్చింది. మూడోసారి కుండ నింపి కూర్చున్నాక, రాయి మీద ముద్ద కొసన సన్నని ఎర్రటి చార కనబడింది. ఆమె పీట ముందుకు జరుపుకుంది. ముందు ఒక రేకు వచ్చింది. అది నీళ్లను తడిమి చూసి ఆగింది. తర్వాత నాలుగు, తర్వాత లెక్కలేనన్ని. ఊదా కొసలు ఒకదాన్నొకటి తాకుతూ మెల్లగా ఊగాయి. చారల చేప ఒకటి మూలలోంచి వచ్చి చూసి పోయింది.

గురమ్మ లేవబోయి ఆగింది. నాలుగు రోజుల తర్వాత పట్టిన నిద్ర. తల పక్కకు వాలి, చేతులు కుర్చీ పట్టెల మీద హాయిగా ఉన్నాయి. పూవు ఎక్కడికి పోతాది, ఈ కుండ కారేదాకా పడుకోనీ అనుకుంది. చుక్కల చప్పుడు వింటూ, ఆ పూవును ఆమె ఒక్కతే చూసింది.

కుండ ఖాళీ అయ్యాక లేచి, "బాబూ, ఇచ్చుకున్నాది," అంది.

మళ్లీ పిలిచింది. దగ్గరకు వెళ్లి మణికట్టు తాకింది. ఎండాకాలం గదిలో ఆ చెయ్యి చల్లగా ఉంది. కళ్లు సగం తెరిచి తొట్టి వైపే ఉన్నాయి. ఆయన చూశారో లేదో ఆమెకు తెలియలేదు. చాలాసేపు ఆ కళ్లనీ పూవునీ మార్చి మార్చి చూసింది. తర్వాత అరచేత్తో ఆ రెప్పలు మూసి, వీధిలోకి వెళ్లి లక్ష్మణమ్మను పిలిచింది.

జనం వచ్చారు. ఎవరో మేనల్లుడికి తంతి ఇవ్వడానికి స్టేషనుకు పరుగెత్తారు. రేపు పొద్దున్న గాని అతను రాడు. అదే సమయానికి ఎల్లాజీ మోటారు పట్టుకుని వచ్చాడు. లోపల సైకిలు ట్యూబు రబ్బరు కోసి బిగించాడు. గడపలో నిలబడి జరిగింది చూసి, ఏం చెయ్యాలో తెలియక, తొట్టి దగ్గరకు వెళ్లి మోటారు తగిలించి మీట నొక్కాడు. చప్పుడు రాలేదు.

"కరెంటు నేదు," అన్నాడు గురమ్మతో, తప్పు తనదే అయినట్టు. "ఎప్పుడొస్తాదో."

లక్ష్మణమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ లోపలికి వచ్చి ఉట్టి వైపు చూసింది. "నేను చెబుతూనే ఉన్నాను. ఇప్పటికైనా దాన్ని దింపెయ్యవే."

గురమ్మ చెంబుతో తొట్టిలో నీళ్లు ముంచుతోంది. తల తిప్పలేదు.

"దింపనమ్మా. దానికి పనున్నాది."

కుండ నింపి, చెంబు పీట మీద పెట్టింది. ఉట్టి కొంచెం ఊగి నిలిచింది. గుడ్డపీలిక చివర ఒక చుక్క లావెక్కి, తెగి, ఎర్ర గీత దగ్గర నీళ్లలో పడింది.