టీవీలో ఇంకా నడుస్తున్న సాంచ

కెమెరా అద్దం మీద దూది నుసి రాత్రికి రాత్రే పేరుకుంటుంది. స్టూలెక్కి, మెత్తబడిన పాత పంచె ముక్కతో దాన్ని తుడుస్తున్నాను. గట్టిగా రుద్దకూడదు, గీతలు పడతాయి. నోటితో ఊదకూడదు, ఊదితే లేచిన నుసి మళ్లీ వచ్చి అక్కడే వాలుతుంది. పసిపాప కన్ను తుడిచినట్టు, ఒక మూల నుంచి మొదలుపెట్టి మెల్లగా తియ్యాలి.

"చెల్లె, దానికింత కాటుక గూడ పెట్టు. దిష్టి తాకుతది," అన్నాడు సాయిలన్న కింద నుంచి.

సాయిలన్న మా రెండు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో నూలు కండె ఎక్కిస్తూ తనలో తానే నవ్వుకున్నాడు. నేను స్టూలు దిగేలోపే మొదటి సాంచ మీట లాగాడు. ఖట్‌ఖట్ మొదలైతే నీలం నగర్‌లో ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఒక షెడ్డు ఆగితే ఇంకొకటి నడుస్తూనే ఉంటుంది. మా ఊరి నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన కొత్తలో నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది.

షెడ్డుకు ఎదురుగా, గల్లీకి అవతలి పక్కన మా ఇల్లు. కిటికీలోంచి మామ దగ్గు సాంచల మోత మీదుగా వినపడుతూ ఉంది. మనిషి ఎంత నలిగిపోయినా ఆయన గొంతు మాత్రం అలాంటిదే. జీవితమంతా సాంచల మధ్య నిలబడి అరిచిన గొంతు.

మామ పేరు పెంటప్ప. ముప్పై ఏళ్లుగా పీల్చిన దూదంతా ఆయన ఛాతీలో చేరింది. వానాకాలంలో పది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒకటే చెప్పాడు. "షెడ్డులో అడుగు పెట్టొద్దు. మళ్లీ పెడితే నా దగ్గరికి తెచ్చినా లాభం లేదు."

అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. సాంచ ఆగితే మామ లేచేవాడు. నడుస్తుంటే ఎందుకు ఇంత తేలిగ్గా నడుస్తోందని లేచేవాడు. మంచం నుంచి కిటికీకి, కిటికీ నుంచి గడపకు. అత్త ద్రౌపది బీడీలు చుట్టే చాటను లోపలి గదిలో నుంచి తెచ్చి గడపకు అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. పనిచేసే చాటను దాటడం మా ఇళ్లల్లో తప్పు. అందులోంచే అన్నం వస్తుంది కనుక చిన్నపిల్లల్ని కూడా దాటనివ్వరు.

"నా చాట దాటి పోతనంటే పో," అంది అత్త, కత్తెరతో తునికాకు కోస్తూ. "నేను అడ్డం రాను."

మామ పోలేదు. కానీ అత్త చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయిన పూట ఆయన చెప్పుల మీద దూది కనపడింది. అది చూసి నిలేష్ కెమెరా సంగతి ఎత్తాడు.

నిలేష్ నా భర్త. కొంతం చౌక్ దగ్గర మొబైల్ రిపేరు దుకాణంలో పనిచేస్తాడు. సాంచ పని నేర్చుకోలేదని మామకు కోపం, నేర్పలేదని అతనికి. షెడ్డులో కెమెరా బిగించి, గల్లీ మీదుగా బట్టలారేసే తీగ వెంబడి వైరు లాగి, మా ముందు గదిలో ఒక పాత టీవీ పెట్టాడు. టీవీ వెనుక అరచేతిలో ఇమిడే చిన్న బోర్డు. అదే కంప్యూటరట. ఫోన్ చార్జర్ మీద రోజంతా నడుస్తుందట. ఫోన్లోనే చూపించవచ్చుగా అని నేనడిగాను. అంత చిన్న బొమ్మలో బాపుకు పోగు కనపడదన్నాడు. పోగు కనపడకపోతే చూడటం ఎందుకు?

మొదటి రోజు బొమ్మ వచ్చింది. కానీ కుంటుతూ వచ్చింది. నాడె ఈ పక్క ఉండేది, తర్వాత ఆ పక్క ఉండేది, మధ్యలో ఎక్కడా ఉండేది కాదు. సాయిలన్న చెయ్యి పోగు మీద ఉండి, రెప్పవేసేలోగా తల మీద ఉండేది.

"వీనికి ఫిట్స్ వచ్చినయారా?" అన్నాడు మామ.

"సీరియల్ పెట్టుమంటే సాంచ పెట్టిండు నీ కొడుకు," అంది అత్త గడప దగ్గర నుంచి. "అదిగూడ ఎక్కిళ్ల సాంచ."

బోర్డు ముట్టుకుంటే చెయ్యి కాలింది. మామకు అది చూస్తుంటే కాళ్లు ఇంకా ఎక్కువ ఊగేవి. మధ్యలో ఏం జరిగిందో తెలియక, కనపడని దాని కోసం మంచం మీద నుంచి సగం లేచేవాడు. లేవగానే దగ్గు. కూర్చోగానే మళ్లీ లేవడం.

ఆ సాయంత్రం జొన్నరొట్టె తింటూ నిలేష్ నాకు చెప్పాడు. "కెమెరా బొమ్మను మడతపెట్టి పంపుతది. గా మడత ఈ బోర్డు విప్పాలె. చిన్నగ చెయ్యాలె. రంగులు సరిజెయ్యాలె. ఒక తాన పెట్టి, ఆడికెల్లి ఇంకో తాన పెట్టి, అటెన్క టీవీకి ఇయ్యాలె. సెకనుకు ఇరవై ఐదు బొమ్మలకు ఇంత చాకిరి. దాని పానమెంత?"

"మరి కొంత చాకిరి తగ్గించరాదు?" అన్నాను.

"అదే చేస్తున్న."

రోజూ దుకాణం నుంచి వచ్చాక టీవీ ముందు కూర్చునేవాడు. టీవీ చూపించగలిగినంత బొమ్మనే పంపమని కెమెరాకు చెప్పాడు, చిన్నగా చేసే పని తప్పింది. మడత విప్పడానికి బోర్డులోనే వేరే భాగం ఉందట, పని దానికి అప్పగించాడు. బొమ్మను కంప్యూటర్ కిటికీలో పెట్టి ఆ కిటికీని తెర మీద పెట్టే వరస తీసేసి, విప్పిన బొమ్మను నేరుగా టీవీకి పంపాడు. ఇంకేవో సరిచేశాడు. అవి నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా, ఒక పొద్దున టీవీలో నాడె ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసినట్టు సాగిపోయింది. బట్ట నీళ్లలా జారుతూ రోలరు మీదికి చుట్టుకుంది. బోర్డు చల్లగా ఉంది.

మామ కాళ్లు పైకి మడుచుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అలా కూర్చోవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు నాకు మొగుడు దొరికిండు," అంది అత్త. చాట మాత్రం గడప దగ్గర నుంచి తియ్యలేదు.

రెండు మూడు రోజులు ఇల్లు ఊపిరి పీల్చుకుంది. మామ టీవీ ముందే తిన్నాడు, అక్కడే కునికాడు. అప్పుడప్పుడు కిటికీలోంచి కేకేసేవాడు. "సాయిలూ, కండె అయిపోవస్తున్నది!" సాయిలన్న షెడ్డులోంచి చెయ్యి ఊపేవాడు. ఒకసారి మాత్రం, "మార్చిన గద మామా," అని అరిచాడు. మామ పట్టించుకోలేదు.

ఆ శుక్రవారం నేను బియ్యం ఏరుతున్నాను. టీవీలో ముందటి సాంచ మీద పడుగు పోగు ఒకటి తెగి వేలాడింది. నాకు కూడా కనపడింది. మామ ఒక్క ఊపులో కిటికీ దగ్గరికి పోయాడు.

"సాయిలూ! ముందటి సాంచ ఆపు! పోగు పోయింది! ఆపు!"

సాయిలన్నకు ఆ గొంతు వింటే ఆలోచన ఉండదు, చెయ్యి దానంతటదే మీట మీదికి పోతుంది. ముందటి సాంచ ఆగింది. గల్లీలో ఒక చప్పుడు తగ్గింది.

మామ టీవీ వైపు తిరిగాడు. టీవీలో సాయిలన్న తాపీగా వంగి తెగిన పోగును ముడివేస్తున్నాడు. మీట లాగాడు. టీవీలో సాంచ నడవడం మొదలుపెట్టింది. నాడె మెత్తగా అటూ ఇటూ పోతోంది. బయట ఆ సాంచ చప్పుడు లేదు.

మామ కిటికీని చూశాడు, టీవీని చూశాడు, మళ్లీ కిటికీని చూశాడు. ఆగిపోయిన సాంచ అక్కడ నేస్తూనే ఉంది. కాసేపటికి టీవీలో సాయిలన్న తల ఎత్తి, ఎవరో పిలిచినట్టు ఇటు చూసి, మీట తోశాడు. అప్పుడు ఆగింది అది.

సాయిలన్న గల్లీ దాటి వచ్చాడు. చేతిలో తువ్వాలు బట్ట కొంత కోసి తెచ్చాడు.

"ఏమైంది మామా? పోగు అతికి సురూ చేసిన. మంచిగ నడిచే సాంచను ఆపిస్తివి."

బట్ట మీద అడ్డంగా సన్నని గీత. నడుస్తున్న సాంచను మధ్యలో ఆపి మళ్లీ కదిలిస్తే పేక అక్కడ ఒత్తుగా పడుతుంది. ఎంత ఉతికినా పోదు. ఇలాంటి గీత పడితే మామ ఎంతమందిని షెడ్డులోంచి బయటికి పంపాడో అత్త చాలాసార్లు చెప్పింది. ఆయన ఆ గీత మీద వేలు పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జరిపాడు.

"నా చేతులతోటి నేనే పెట్టిన," అన్నాడు. తర్వాత టీవీ వైపు చూడకుండా, "అది బొంకుతున్నది," అన్నాడు.

"పోనీ మామా, ఒక్క గీత."

"సాయిలూ, ఇగ నేను పిలువ. ఒకవేళ పిలిచినా నువ్వు సాంచ ఆపకు. నా మాట ఇనకు. సమజైందా?"

సాయిలన్న నావైపు చూశాడు. నేను బియ్యం వైపు చూశాను.

ఆ పూటంతా మామ గడపకూ మంచానికీ మధ్య తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ అత్త కత్తెర ఆగేది, మళ్లీ కదిలేది. "బస్ ఝాల, ఇగ సాలు, కూసో," అంది ఒకసారి. ఆయన కూర్చోలేదు.

నిలేష్ వచ్చాక నేనే జరిగింది చెప్పాను. అతను టీవీ వెనుక వంగి బోర్డు తీగలు ఒక్కొక్కటే చూశాడు.

"బొమ్మ కుంటకుండ ఉండాలని కొన్ని బొమ్మలు లైన్ల నిలబెట్టిన," అన్నాడు చివరికి. "ముందుగాల వచ్చినవి ఆగి, ఒక్కొక్కటే తెర మీదికి పోతయి. ఒకటి ఆలస్యమైనా తెల్వదు. కానీ లైను పెరుగుకుంట పోయింది. సాంచ ఎప్పుడు జూసినా ఒకే తీరుగ ఊగుతది. ఎనక పడ్డదని ఎవ్వనికి తెల్వాలె?"

ఆగినప్పుడే తెలుస్తుంది.

నేను షెడ్డులోకి పోయి, ఫోన్లో సెకన్లు పరుగెత్తే గడియారం పెట్టి కెమెరా ముందు పట్టుకున్నాను. నిలేష్ టీవీ ముందు ఇంకో ఫోన్ పట్టుకుని రెండింటి తేడా చూశాడు. లైను తీసేస్తే బొమ్మ మళ్లీ కుంటింది. ఉంచితే వెనుకబడింది. మధ్యలో ఎక్కడో దారి దొరికేదాకా నా చేతులు మార్చి మార్చి పట్టుకున్నాను. కొత్త బొమ్మ రాగానే పాతదాన్ని పారెయ్యమన్నాడట. ఒకటి చేతిలో, ఒకటి తెర మీద, అంతే. చివరికి నన్ను చెయ్యి ఎత్తమని కిటికీలోంచి సైగ చేశాడు. నేను ఎత్తాను. గల్లీ అవతల కిటికీలో అతనూ నాతోపాటే ఎత్తాడు.

"ఇగ బొంకది బాపూ," అన్నాడు లోపలికి తిరిగి. మామ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

మరుసటి పొద్దున నేను అద్దం తుడిచి, పంచె ముక్క చేతిలోనే పట్టుకుని ఇంట్లోకి వచ్చాను. చాట పక్క నుంచి అత్త నాకు కొంచెం దారి ఇచ్చింది. నిలేష్ దుకాణానికి పోకుండా నిలబడి ఉన్నాడు. టీవీలో రెండు సాంచలూ నడుస్తున్నాయి. నాడె అంచుకు తగిలిన క్షణానే బయట ఖట్‌మని వినపడుతోంది. చూపూ చప్పుడూ ఒక్కటయ్యాయి. గోడే లేనట్టు, షెడ్డు మా గదిలోకే వచ్చినట్టు ఉంది.

మామ మంచం అంచున కూర్చుని చూస్తున్నాడు. మడుచుకుని కాదు, రెండు కాళ్లూ నేల మీద పెట్టి.

"ఎట్లున్నది బాపూ?"

మామ తల ముందుకు వంగింది. ముందటి సాంచ మీద పోగు ఒకటి తెగింది. తెగిన కొస పక్క పోగుల్లో చిక్కుకుంది. సాంచ ఆగలేదు. పాత సాంచలు, వాటంతటవి ఆగవు. చిక్కు చుట్టూ బట్ట గూడు కట్టినట్టు ముద్దవుతోంది. సాయిలన్న వెనుక సాంచ మీద వంగి ఉన్నాడు, వీపు మాత్రం కనపడుతోంది.

నేను కిటికీ దగ్గరికి పోయి, "సాయిలన్నా," అన్నాను. నా గొంతు గల్లీలో సగం కూడా పోలేదు.

"బాపూ, పిలువు!" అన్నాడు నిలేష్. "ఇప్పుడు అయితున్నదే కనవడుతున్నది. ఖరే, నిజంగనే. పిలువు నువ్వు!"

మామ నోరు తెరిచాడు. గొంతు నరాలు లేచాయి. మళ్లీ మూసుకున్నాడు. పిలిచినా ఆపవద్దని ఆయనే చెప్పి ఉన్నాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీద ఒకటి నలుగుతున్నాయి, లేని పోగును ముడివేస్తూ.

"ఆగు, నేనే పోయి చెప్తా," అని నిలేష్ చెప్పుల కోసం మంచం కింద వెతికాడు.

అప్పటికే మామ లేచాడు. ముక్కుకు కట్టుకోవడానికి నేను ఉతికి మడిచి పెట్టిన తువ్వాలు మంచం మీదే ఉంది. టీవీని చూడలేదు. నన్ను చూడలేదు. గడప దగ్గరికి పోయి చాట ముందు నిలబడ్డాడు.

"అవ్వా, పోనియ్యకు!" అన్నాడు నిలేష్ తల్లితో.

అత్త తల ఎత్తింది. ఆయన ముఖం చూడలేదు, ఆడుతున్న ఆ రెండు వేళ్లను చూసింది. అక్కడి నుంచి టీవీ కూడా కనపడుతుంది, అదీ చూసింది. కత్తెర పక్కన పెట్టింది. రెండు చేతులతో చాటను పట్టి, ఆకు ఒలికిపోకుండా, మెల్లగా తన ఒడిలోకి లాక్కుంది.

మామ గడప దాటి గల్లీలోకి దిగాడు.