రెండో పెడల్

గ్యారేజీ గేటు దాటుతూనే కారు మళ్లీ కీచుమంది. డ్రైవింగ్ నేర్పే ఆవిడకు ఒళ్లు మండిపోయింది. బ్రేకు ప్యాడ్లు కొత్తవి, డిస్కులు కొత్తవి, ముందు చక్రాల దగ్గర ప్యాడ్లను అదిమిపట్టే కాలిపర్లు కూడా కొత్తవే. ఇవన్నీ బిగించింది పరాయి మెకానిక్ అయితే నడివీధిలో నిలబెట్టి కడిగేసేది. బిగించింది సొంత అన్నయ్య కాబట్టి, దిగి తలుపు ధడాలున వేసి, అంతటితో సరిపెట్టుకుంది.

స్టీరింగ్ ముందున్న కూతురు మాత్రం దిగలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అద్దంలోంచి గోడవంక చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున్నే దానికి లైసెన్సు పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఇంటింటికీ తిరిగి రోగుల దగ్గర రక్తం తీసుకొచ్చే ఉద్యోగం ఒకటి దాదాపు చేతికొచ్చి ఉంది గానీ, లైసెన్సు లేనిదే చేర్చుకోం అన్నారు. ఈసారీ తప్పితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. "నాకు రాదులే అమ్మా, వదిలేద్దాం" అని పిల్ల ముందురోజే అంది. ఆ మాట తల్లి చెవిలో జోరీగలా ఇంకా తిరుగుతూనే ఉంది.

ఊళ్లో సగంమంది ఆవిడ పక్కన కూర్చుని చెమటలు కక్కి నేర్చుకున్నవాళ్లే. నేర్పే కారు కాబట్టి దానికి బ్రేకు పెడళ్లు రెండు: నడిపేవాళ్ల కాళ్ల దగ్గర ఒకటి, ఆవిడ కాళ్ల దగ్గర ఒకటి. రెంటినీ కింద ఒక ఇనుప రాడ్డు కలుపుతుంది. ఎవరైనా గోడమీదికో మనిషిమీదికో పోనిస్తే ఆవిడ తన పెడల్ తొక్కుతుంది. లేకపోతే దాని జోలికే పోదు. ఎంత చేతకానివాడు నడుపుతున్నా పక్కన కూర్చుని వేరుశెనగలు వొలుచుకోగలనని ఆవిడ గొప్పలు పోయేది. అది ఉత్త గొప్ప కాదు, నిజమే.

అలాంటి మనిషికి సొంత కూతురి దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. మిగతావాళ్లు నడిపితే కారు పిల్లిలా పోతుంది. ఇది కూర్చుంటే చాలు, ఎవరో వెనకనుంచి పట్టుకుని లాగుతున్నట్టు కదలనంటుంది, పైగా కీచుమంటుంది. పరీక్షలో ఏమో అదే కారు ఇందుకు పూర్తిగా ఎదురుగా, కాలు ఆనించగానే లేడిలా ఉరికింది. వేగం అదుపులో లేదని పరీక్ష పెట్టే అధికారి రెండుసార్లూ అదే మాట అన్నాడు. "నువ్వే తెలీకుండా బ్రేకు మీద కాలు పెడుతున్నావు" అని తల్లి రోజూ పోరు పెట్టింది. పెట్టడం లేదని పిల్ల మొదట్లో వాదించింది. తర్వాత్తర్వాత తన కాలి మీద తనకే నమ్మకం పోయింది.

అన్నయ్య వచ్చి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ముందువి రెండూ, వెనకవి రెండూ, నాలుగూ సెగలు కక్కుతున్నాయి. అతను మాటకింత అని కూలి ఇస్తేనే గానీ నోరు విప్పనన్నట్టుంటాడు. కాలిపర్ పట్టేస్తే ఆ ఒక్క చక్రమే కాలుతుందని, నాలుగూ ఇలా కాలుతున్నాయంటే గొడవ చక్రాల్లో లేదు, పైన పెడల్ దగ్గరెక్కడో ఉందని మెల్లిగా చెప్పాడు. మరి ఇన్నాళ్లూ చక్రాలు ఎందుకు విప్పావని చెల్లెలు నిలదీసింది. కీచుమంటోందని మాత్రమే చెప్పావు, కాలుతున్నాయని చెప్పలేదుగా అన్నాడు. అదీ నిజమే కావడంతో ఆవిడకు ఇంకా మండింది.

అతను పిల్లని దిగమని, వంగి పెడల్ కింద వేళ్లు పెట్టి చూశాడు. రాడ్డు బిగిసిపోయి లేదు, ఉండాల్సినంత వదులు ఉంది. బ్రేకు గొట్టాలు బాగున్నాయి. ప్యాడ్లు విప్పితే, కాలి కాలి గాజుముక్కల్లా మెరుస్తున్నాయి. అరుపు అక్కడినుంచే వస్తోంది. వాటిని గరుకు కాగితం మీద రుద్ది, మళ్లీ బిగించి, ఒక్కడే కారెక్కి వీధులన్నీ చుట్టివచ్చాడు. ఆవిడ అంతసేపూ కాలుకాలిన పిల్లిలా పాత టైర్ల చుట్టూ తిరిగింది. నీళ్ల సీసా మూత తీసింది, తాగకుండానే పెట్టేసింది.

కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయంతే.

"మీరిద్దరూ రోజూ వెళ్లే దారినే ఓసారి వెళ్లిరండి. నేను స్కూటర్ మీద వెనకాల వస్తా" అన్నాడు.

వెళ్లారు. చౌరస్తా దాటేలోపే కారు బరువెక్కింది. పిల్ల పళ్ల బిగువున యాక్సిలరేటర్ తొక్కుతోంది. ఇంజను మూలుగుతోంది. అద్దకాల షాపు పక్క మలుపు వచ్చేసరికి మళ్లీ అదే అరుపు. "కాలు చూసుకో" అంది తల్లి. "చూసుకుంటూనే ఉన్నానమ్మా" అంది పిల్ల. అన్నయ్య స్కూటర్ ఒకసారి కారు పక్కకి వచ్చి, ఆవిడ కిటికీ వైపు తొంగి చూసి, వెనక్కి తగ్గింది.

తిరిగొచ్చాక అతను చెల్లెల్ని టైర్ల గుట్ట వెనక్కి పిలిచాడు.

"ఇక్కడ బయల్దేరిన దగ్గర్నుంచి మళ్లీ ఇక్కడికి వచ్చేదాకా వెనక బ్రేకు ఎర్రలైటు ఆరలేదు."

"చెప్తూనే ఉన్నాగా, అది బ్రేకు మీద కాలు తియ్యదని."

"దాని కాలు కాదే పిచ్చిదానా. పక్కకొచ్చి చూశా. నీ కాలు."

ఆవిడ నవ్వబోయింది. ఇన్నేళ్లుగా నేర్పుతున్నదాన్ని, నాకే చెప్తావా అంది. అతను వాదించలేదు. కారు దగ్గరికి తీసుకెళ్లి, ఆవిడ వైపు తలుపు తీసి చూపించాడు. ఎప్పుడో గానీ తొక్కని రెండో పెడల్ మీది రబ్బరు గీతలు పోయి నున్నగా అయిపోయింది. రోజూ అందరూ తొక్కే అవతలి పెడల్ గీతలే ఇంకా కనిపిస్తున్నాయి. ఆవిడ చాలాసేపు ఆ రెండింటినీ మార్చి మార్చి చూసింది.

గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఎక్కడికి పోతుంది. పిల్ల మొదటిసారి స్టీరింగ్ పట్టిన రోజు, ఆ అద్దకాల షాపు మలుపులోనే, నీళ్ల ట్యాంకరు ఎదురొచ్చింది. పిల్ల బిగుసుకుపోయింది. తల్లి తొక్కింది. కారుకీ ట్యాంకరుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలింది. దిగి పిల్లకి ధైర్యం చెప్పింది, ఇవన్నీ మామూలేనంది, నవ్వింది కూడా. ఆ నవ్వు పిల్ల కోసం నవ్వింది. కాలు మాత్రం ఆవేళ్టినుంచీ పెడల్ మీదినుంచి దిగలేదన్నమాట. ఎవరి పిల్లలో నడిపితే వేరుశెనగలు వొలుచుకున్న మనిషి, తన పిల్ల నడిపితే పాదంతో ప్రాణాలు పట్టుకుని కూర్చుంది. ఆవిడకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది, ఇప్పుడు ఆ కాలు తియ్యాలి గనక.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు అన్నయ్య.

ఆవిడే వెళ్లి చెప్పింది. కారు కిటికీ దగ్గర నిలబడి, నీళ్లు నమలకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. పరీక్షరోజు తన సీట్లో అధికారి కూర్చున్నాడు కాబట్టి బ్రేకు పట్టే కాలు లేదని, యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కడానికి అలవాటుపడిన పిల్ల కాలు అలాగే తొక్కిందని, అందుకే కారు ఉరికిందని.

పిల్ల తల తిప్పి చూసింది. "రెండుసార్లు, అమ్మా."

"అవును. నీకు వచ్చు. నేనే రానివ్వలేదు."

పోనీలే అంటుందని తల్లి ఆశపడింది. పిల్ల అనలేదు. మూతి బిగించి, కళ్లు తుడుచుకుని, తాళం తిప్పింది. "ఎక్కు. కాళ్లు సీటు మీదికి పెట్టుకో" అంది.

ఆవిడ చెప్పులు విడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బెల్టు పొట్టమీద అడ్డంగా ఇరుక్కుంది. ఆ అవతారం చూసి అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. వెనకాలే వస్తానని, ఎర్రలైటు వెలిగి ఆరిన ప్రతిసారీ ఒక హారన్ కొడతానని చెప్పి స్కూటర్ ఎక్కాడు.

మొదట కారు గంతేసింది. పిల్ల ఉలిక్కిపడి కాలు వదిలి, మళ్లీ ఆనించింది, ఈసారి కాస్తే. చౌరస్తా దగ్గర ఆగింది, కదిలింది. వెనకనుంచి ఒక హారన్. కూరగాయల బండి దగ్గర తగ్గించింది, వదిలింది. ఇంకొక హారన్. పిల్ల భుజాలు మెల్లిగా కిందికి దిగాయి. తల్లి మాత్రం కుడికాలి వేళ్లని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అవి ఒకటే ముడుచుకుంటున్నాయి.

అద్దకాల షాపు వచ్చింది. మలుపు అవతలినుంచి ఒక లారీ ముక్కు బయటపడింది. తల్లి కాలు సీటు మీదినుంచి జారబోయింది. ఆవిడ దాన్ని ఒళ్లోకి లాక్కుని, కళ్లు మూసుకుంది.

కారు తగ్గింది. కీచుమనలేదు. ఎడమవైపుకి ఒదిగి, ఆగి, లారీని పోనిచ్చింది. ఆవిడ కళ్లు తెరవలేదు, హారన్ కోసం చెవులు రిక్కించింది. కారు మళ్లీ కదిలింది, తేలిగ్గా, ఎవరూ పట్టుకుని లాగనట్టు.

వెనకనుంచి హారన్ మోగింది.

"విన్నావా?" అంది కూతురు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా. "అది నా కాలు."